తుంగభద్ర ప్రైవేట్ లిమిటెడ్

ముందు కట్టుకోండి, పర్యావరణ అనుమతి సంగతి తర్వాత చూద్దాం. అలా కుదరదన్న తన మే 16 తీర్పును సుప్రీంకోర్టు 2025 నవంబరు 18న 2–1 మెజారిటీతో వెనక్కి తీసుకున్నాక గనులకూ ఫ్యాక్టరీలకూ అందిన కబురు ఇదే. లేకుంటే దాదాపు 20 వేల కోట్ల ప్రాజెక్టులు కూలగొట్టాల్సి వస్తుందట.

ఆ కబురు నందవరం మండలం నాగలదిన్నె చేరగానే తుంగభద్ర ఒక నిర్ణయానికొచ్చింది. నదిగా బతికి లాభం లేదు, కంపెనీగా రిజిస్టరు కావాలి. చట్టం కళ్లకు కంపెనీ ఒక వ్యక్తి. గుళ్లో దేవుడూ వ్యక్తే, కోర్టుకెక్కగలడు. నదే ఎవరూ కాదు.

నేరుగా వ్యక్తి హోదానే అడగొచ్చుగా? గంగా యమునలు ఆ ముచ్చటా తీర్చుకున్నాయి. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ హోదా ఇస్తే, వరదలొస్తే పరిహారం ఎవరు కట్టాలంటూ ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఢిల్లీకి పరుగెత్తింది. జులైలో స్టే. (అదే మార్చిలో న్యూజిలాండ్ తన వాంగనుయి నదికి చట్టం చేసి, దాని తరఫున మాట్లాడేందుకు ఇద్దరిని పెట్టింది. వాళ్లకు ఈ తెలివి తట్టలేదు పాపం.) కంపెనీ అయితే ఆ బెంగ లేదు. పేరులోనే ‘లిమిటెడ్’ ఉంది. తాను తెచ్చిన 2009 అక్టోబరు వరదకు ఇప్పుడు ఎవరు దావా వేసినా, వాటాదారుల బాధ్యత వాటా సొమ్ము మేరకే.

డైరెక్టర్లు ఇద్దరుండాలి. తుంగ, భద్ర ఉన్నారు, ఒకే కొండన పుట్టిన అక్కాచెల్లెళ్లు. చిక్కల్లా 2013 కంపెనీల చట్టంతోనే. వాళ్లలో ఒకరైనా ఏడాదికి 182 రోజులు దేశంలో ఉండాలట. ఎండాకాలం నాగలదిన్నె రేవు చూసినవాళ్లెవరూ ఆ హాజరుకు సాక్షి సంతకం పెట్టరు.

అసలు లాభం దివాలాలో ఉంది. దివాలా పిటిషను తీసుకున్నారంటే మారటోరియమే. అప్పులవాళ్లు ఆస్తి జోలికి రాకూడదు. నది ఏటా మార్చిలో ఎండగానే దివాలా తీస్తే సరి, వానలొచ్చేదాకా ట్రాక్టరు ఇసుకలో దిగదు!

ఇంత వేషం వేస్తే తప్ప నదికి దిక్కు లేకపోవడం సిగ్గుచేటు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ఊరికి మిగిల్చింది ఒక్కటే: పని మొదలుకాక ముందే షామియానా కింద మైకు పట్టుకుని ‘వద్దు’ అనే హక్కు. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి 2024 నవంబరులో, షామియానా వేయకపోయినా, జనం రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ముందే తెలిసింది గనుకే ఆపగలిగారు. గోడలు లేచాక, విషం నీళ్లలో కలిశాక ఇచ్చే అనుమతికి ఊరి మాట ఎవరికి కావాలి? చెడగొట్టినవాడికి జరిమానా రసీదు, తాగేవాడికి ఆ నీళ్లు. దీని పేరు న్యాయం కాదు, సెటిల్‌మెంటు. మే తీర్పును వెనక్కి తీసుకోవద్దంటూ బెంచిలో ఒంటరిగా మిగిలిన జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌దే సరైన మాట.

కేసును మళ్లీ విచారించాలని కోర్టే చెప్పింది. తుంగభద్ర తాగే ఊళ్లు అందులో ఇంప్లీడ్ కావాలి. ఆదోని, ఎమ్మిగనూరు వకీళ్లు ఆ పిటిషను ఇప్పుడే రాయడం మొదలుపెట్టాలి.