ఎంపికరాయుడు

పోయిన మాఘంలో మా చుట్టాలింట పెళ్ళి. మేడ్చల్ దారిలో ఫంక్షన్ హాలు. తలంబ్రాలు అయిపోయాయి, మొదటి బంతి లేస్తోంది, మా తోడల్లుడు మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. "మీ అన్నయ్యగారు ఎక్కడున్నారో కాస్త చూసిరా మరిదీ" అంటూ మా వదిన నన్ను బయటికి తరిమింది. వెతగ్గా వెతగ్గా పార్కింగులో దొరికాడు. పట్టుపంచె ఎగ్గట్టి, ఎవరిదో తెల్ల కారు వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, వడ్రంగి టేపుతో దాని డిక్కీ తలుపు అంచు కొలుస్తున్నాడు. పక్కనే వాచ్‌మన్ కర్ర పట్టుకుని, కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. పట్టుపంచెలో వచ్చిన దొంగను అతను అంతకుముందు చూసినట్టు లేదు.

నన్ను చూడగానే "తమ్ముడూ, ఈ కొస పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. వాచ్‌మన్ లెక్కలో దొంగలు ఇద్దరయ్యారు.

ఇలాంటివాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఒకరు ఉంటారు. పేకాటరాయుళ్ళూ కబుర్లరాయుళ్ళూ ఉన్నట్టే వీళ్ళు ఎంపికరాయుళ్ళు. వీళ్ళకి వస్తువుతో పని లేదు, దాన్ని ఎంచుకోవడంతోనే పని. ఎన్ని పెళ్ళిచూపులకైనా సై, ముహూర్తం అనేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. మా తోడల్లుడు వెట్ గ్రైండరు ఎంచుకుంటూ ఉండగా రెండు సంక్రాంతులు వచ్చిపోయాయి. రెండిటికీ మా వదిన మినప్పప్పు నానబోసుకుని మా ఇంటికొచ్చి రుబ్బుకెళ్ళింది. ఇన్వర్టరు ఎంపిక ఒక కొలిక్కి వచ్చేసరికి ఊళ్ళో కరెంటు కోతలే పోయాయి. పరుపుల కొట్లో "గట్టిదనం చూడాలి" అని పడుకుని, అక్కడే గంటసేపు నిద్రపోయాడు. లేచి, కళ్ళు నులుముకుని, "బాగానే ఉంది గానీ..." అన్నాడట.

ఆ 'గానీ' ఆయన సంతకం. ఆయన నోట 'బాగుంది' అన్న మాట ఒంటరిగా బయటికి రాగా నేను వినలేదు.

ఇక సైకిలు సంగతి. కరోనా రోజుల్లో అందరూ కొన్నట్టే ఆయనా ఒక గేర్ల సైకిలు కొన్నాడు. అంత తొందరగా ఎలా కొన్నాడంటే, అప్పుడు కొట్లో ఉన్న గేర్ల సైకిలు అది ఒకటే. ఎంచుకోవడానికి రెండోది లేకపోవడం ఆయన జీవితంలో అదొక్కసారే. వదినకు కూడా ఒకటి తెచ్చాడు, చీరతో ఎక్కడానికి వీలుగా పైన అడ్డకడ్డీ లేనిది. తర్వాత మూడేళ్ళూ ఆ రెండూ నిజాంపేటలో బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చాయి. 2023 అక్టోబరులో హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలారు కప్పు వేసిన సైకిలు ట్రాకు తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. పైన పలకలు కరెంటు పుట్టిస్తుంటే కింద నీడలో మనం తొక్కుకుంటూ పోవచ్చు. "ఎండ లేదు, లారీ లేదు, కుక్క లేదు" అని మా తోడల్లుడు మూడు వేళ్ళు మడిచి చెప్పాడు. ఉన్న చిక్కల్లా ఒకటే. ఆ ట్రాకు నానక్‌రామ్‌గూడలో ఉంది, ఈయన నిజాంపేటలో ఉన్నాడు.

"సైకిలు మీదే అక్కడికి వెళ్ళొచ్చు కదండీ?" అంది వదిన.

"జేఎన్టీయూ దగ్గర సైకిలు తొక్కితే ట్రాకు దాకా చేరేది సైకిలే, నేను కాదు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. ఆరోగ్యం కోసం సైకిలు తొక్కాలంటే ముందు సైకిల్ని కారులో మోసుకెళ్ళాల్సిన ఊరు మనది. అందుకని కారు వెనక తగిలించే ర్యాకు కావాలి. ఉన్నది చిన్న కారు, వ్యాగన్ఆర్. అలా మొదలైంది.

సైకిళ్ళని కారుకి తగిలించే దారులు నాలుగు. నెత్తి మీద పెట్టడం, వెనక స్టెప్నీకి కట్టడం, కింద కొక్కేనికి బిగించడం, డిక్కీ తలుపుకి బెల్టులతో వేలాడదీయడం. నాలుగింటికీ ఆయన దగ్గర నాలుగు 'గానీ'లు ఉన్నాయి.

నెత్తి మీద బాగానే ఉంటుంది గానీ, కారు ఎత్తే 167 సెంటీమీటర్లు, ఆ పైన నిలబెట్టిన సైకిలు ఇంకో మీటరు పైచిలుకు. వాళ్ళ సెల్లారు దూలం ఏడున్నర అడుగుల ఎత్తున ఉంది. "వెళ్ళేటప్పుడు గుర్తుంటుంది తమ్ముడూ, తిరిగొచ్చేటప్పుడు ఆకలి మీద ఉంటాం కదా, గుర్తుండదు" అన్నాడు. అదీ నిజమే. ఎంపికరాయుళ్ళతో ఉన్న బాధే అది. విడివిడిగా చూస్తే వాళ్ళ ప్రతి మాటా నిజమే.

స్టెప్నీకి కట్టేది ఇంకా బాగుంటుంది గానీ, అందుకు స్టెప్నీ వెనక తలుపు మీద బయటికి ఉండాలి. బొలెరోలకీ థార్‌లకీ ఉన్నట్టు. ఈయన కారుకి అది డిక్కీ లోపల పడుకుని ఉంది. వారం రోజుల పాటు ఇంట్లో పెద్ద బళ్ళ ధరల కాగితాలు కనబడేసరికి వదిన కంగారుపడి నాకు ఫోను చేసింది. నాలుగు వేల రూపాయల ర్యాకు పట్టడం కోసం కారునే మార్చేద్దామా అని లెక్కలు వేస్తున్నాడట.

అన్నిటికన్నా గట్టిది కింద కొక్కేనికి బిగించేదని మాత్రం ఒప్పుకుని తీరాలి. యూరప్‌లో చాలా కార్ల వెనక గుండులాంటి కొక్కెం ఉంటుంది, ట్రైలరు తగిలించుకోవడానికి. దాని మీద ఎంత బరువు మోపొచ్చో కార్ల కంపెనీయే రాసిస్తుంది. ర్యాకు తెచ్చి దాని మీద కూర్చోబెట్టడమే పని. మన చిన్న కార్లకి ఆ గుండు ఉండదు. ఉన్నదల్లా బండి చెడిపోతే తాడు కట్టి లాక్కెళ్ళడానికి చిన్న రింగు. బాలానగర్లో ఎవరో వెల్డింగు చేసి కొక్కెం అతికిస్తానన్నాడట. మా తోడల్లుడు అతని ముందు స్టూలేసుకుని కూర్చుని ఇనుము మందం గురించి మూడు గంటలు మాట్లాడాడు. చివరికి ఆ వెల్డింగతనే "సార్, నా వల్ల కాదు" అన్నాడు.

మిగిలింది బెల్టుల ర్యాకు. చిన్న కారున్నవాళ్ళు చాలామంది చివరికి చేరేది దీని దగ్గరికే. పైన రెండు, పక్కల రెండు, కింద రెండు బెల్టులు. కొసన రబ్బరు తొడుగున్న కొక్కేలు. డిక్కీ తలుపు రేకు అంచులకి వాటిని తగిలించి బిగిస్తే మధ్యలో చట్రం నిలబడుతుంది, దాని చేతుల మీద సైకిళ్ళు వేలాడతాయి. వినడానికి ఇంతే. కానీ ఈ కాలపు కార్ల వెనక భాగం సగం అద్దం, సగం ప్లాస్టిక్కు. పైన అందానికి పెట్టిన స్పాయిలరు మీద బెల్టు పడితే అది పగులుతుంది. కొక్కెం రేకుని పట్టుకోవాలి, ప్లాస్టిక్కుని పట్టుకోకూడదు. అందుకే ఆయన పెళ్ళిళ్ళలోనూ గృహప్రవేశాల్లోనూ కనబడ్డ కారు వెనకాలల్లా చేరి, గోటితో తట్టి, చప్పుడు వింటాడు. పుచ్చకాయ కొనేవాడు కూడా అంత శ్రద్ధగా తట్టడు.

ఆ తర్వాత బరువు. "30 కిలోలు మోస్తుందని రాశాడు, మన రెండు సైకిళ్ళూ కలిపి 29" అన్నాను నేను, పని అయిపోయిందన్న ఆశతో. ఆయన నావైపు జాలిగా చూశాడు. "బిందె చంకనెత్తుకుంటే ఒక బరువు, చెయ్యి చాచి పట్టుకుంటే ఇంకో బరువు. బయటి సైకిలు చెయ్యి చాచి పట్టుకున్నట్టు. దానికి తోడు మా వీధిలో పదకొండు స్పీడు బ్రేకర్లు. ర్యాకు తయారుచేసినవాడు మా వీధిని చూసి రాశాడా ఆ 30?" వీధినీ చూడలేదు, ఈయన్నీ చూడలేదు. చూసి ఉంటే వ్యాపారం మానేసి ఉండేవాడు.

వెడల్పు దగ్గర ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. సైకిలు రెండు చక్రాల ఇరుసుల మధ్య 105 సెంటీమీటర్లు, దానికి ఒక చక్రం వ్యాసం 69 కలిపితే 174. కారు వెడల్పు 162. "చూశావా, కారు కంటే సైకిలే పెద్దది! అటో ఆరు, ఇటో ఆరు బయటికి పొడుచుకొస్తుంది" అన్నాడు. వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూనే, "పక్క అద్దాలు అంతకంటే బయటికే ఉంటాయిగా" అంది. "అద్దాలైతే మడుస్తాం, సైకిల్ని మడుస్తామా?" అన్నాడు ఈయన గెలిచినట్టు. మడత సైకిళ్ళు కూడా దొరుకుతాయని నా నాలిక చివరిదాకా వచ్చింది. దేవుడి దయవల్ల మింగేశాను. లేకపోతే ఇంకో మూడేళ్ళు.

పొడవు గురించి అయితే పన్నుల దాకా వెళ్ళాడు. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు తగ్గించారు. మన రోడ్ల మీద చాలా కార్లకి వెనక కత్తిరించినట్టు ఉండడానికి అదే కారణం. ఈయన కారు 3655 మిల్లీమీటర్లు. "ర్యాకూ సైకిళ్ళూ కలిస్తే నాలుగు మీటర్లు దాటుతుంది. అప్పుడిది చిన్న కారేనా?" అని నన్నడిగాడు. కారు మీద పన్ను కొన్నప్పుడే తీరిపోయిందని చెప్పినా ఆయన కళ్ళలో అనుమానం పోలేదు.

అన్నిటికన్నా కష్టమైంది నంబరు ప్లేటు. వెనక సైకిళ్ళు వేలాడితే ప్లేటూ లైట్లూ మరుగునపడతాయి. యూరప్‌లో అయితే సైకిళ్ళ వెనకాల లైట్లున్న పలక కట్టి, దాని మీద ఇంకో నంబరు ప్లేటు పెట్టుకుంటారు. మనకి 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి హోలోగ్రాం ఉన్న ప్లేట్లు, విప్పడానికి వీల్లేని తాళాలతో. ఇంకోటి రాయించి వేలాడదీస్తామంటే కుదరదు. ఈయన ఊరుకోకుండా చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు దగ్గరికి వెళ్ళి, "సార్, నంబరులో సగమే కనిపిస్తే సగం చలానా వేస్తారా?" అని అడిగాడు. ఆ మనిషి చాలా మర్యాదగా, "ముందు మొత్తం నంబరు చెప్పండి" అన్నాడు. చెప్పాడు. పాత చలానాలు మూడు బయటపడ్డాయి. మూడూ కట్టి ఇంటికొచ్చాడు.

ఒక ఆదివారం నేనే ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, ముందు చక్రం తీసేసి, వెనక సీటు మడిచి, సైకిల్ని లోపలే పెట్టేస్తే?" అన్నాను. ఆయనకి తెలియదనుకున్నాను. పాఠం చెప్పాడు. ఒక్క మీట తిప్పితే చక్రం ఊడొచ్చే ఆ ఏర్పాటుని ఇటలీలో తుల్లియో కాంపాన్యోలో అనే సైకిలు పందేల మనిషి 1930ల్లోనే తయారుచేశాడట. చెబుతూ చెబుతూ మీట తిప్పి, చక్రం తీసి, సైకిల్ని డిక్కీలోంచి లోపలికి తోసి చూపించాడు. పట్టింది. చక్కగా పట్టింది. ఇద్దరం చూశాం.

"మరింకేం?" అన్నాను.

సైకిల్ని మళ్ళీ బయటికి లాగి, చక్రం బిగిస్తూ అన్నాడు: "అది ఉపాయం తమ్ముడూ. నేను చేస్తున్నది ఎంపిక."

అప్పటికి ఆయన ఎక్సెల్ షీటులో 41 నిలువు గళ్ళు ఉన్నాయి. బెల్టు వెడల్పు, కొక్కెం మందం, వానకి తుప్పు, విప్పడానికి పట్టే నిమిషాలు. వదిన ఒకసారి దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి చూసి, "తొక్కడం అన్న గడి ఎక్కడుందండీ?" అంది. ఆయన జవాబు చెప్పలేదు. వదిన కూడా ఇంకేమీ మాట్లాడకుండా, మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు, షీటులో పైనున్న మొదటి ర్యాకుకి ఆర్డరు పెట్టేసింది. నాలుగు వేల చిల్లర.

పెట్టె ఇంటికొచ్చిన రోజు ఆయన్ని చూసి నాకు నిజంగానే జాలేసింది. టేపు జేబులో పెట్టుకుని ఇల్లంతా ఊరికే తిరిగాడు.

ఆ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నన్ను పిలిపించారు. బిగించేసరికి ఆరుముప్పావు. వదిన సైకిలుకి పైన కడ్డీ లేదు కాబట్టి ర్యాకు చేతులకి ఆనే చోటే లేదు. దానికి వేరే అడ్డకడ్డీ అమ్ముతారు. ఏది మంచిదో షీటులో ఇంకా తేలలేదు. చివరికి వదినే పాత చున్నీ తెచ్చి, మూటకట్టినట్టు కట్టి పడేసింది. కారు వెనక్కి తీస్తుంటే సెన్సార్లు సైకిళ్ళని గోడ అనుకుని ఆగకుండా కూశాయి. సెల్లారంతా లేచింది. పదకొండు స్పీడు బ్రేకర్ల దగ్గరా ఆయన కారు ఆపి, దిగి, బెల్టులు లాగి చూశాడు. ఏదీ వదులు కాలేదు. ఆ సంగతి ఆయనకి సంతోషంగా ఉన్నట్టు కనిపించలేదు.

ట్రాకు దగ్గర కారు ఆపీ ఆపకముందే వదిన చున్నీ విప్పి, తన సైకిల్ని దింపుకుని, ఒక్క గెంతు గెంతి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం దిగి అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా వరసగా కార్లు. ఒక్కోదాని వెనక ఒక్కో రకం ర్యాకు. నెత్తి మీదవి, స్టెప్నీవి, బెల్టులవి, ఎక్కడి నుంచి తెప్పించారో కొక్కేనిది కూడా ఒకటి. మొహంలో మళ్ళీ రక్తం వచ్చింది. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

నేను టీ తాగి వచ్చేసరికి ఆయన ఎవరిదో ఎర్ర కారు వెనకాల మోకాళ్ళ మీద ఉన్నాడు. సైకిలు ర్యాకు మీదినుంచి దిగనే లేదు. వదిన అప్పటికే ఒక చుట్టు ముగించుకుని, చెమట తుడుచుకుంటూ, దూరం నుంచి చూసి నవ్వుకుంటూ రెండో చుట్టుకి వెళ్ళిపోయింది. తాళాలు తీసుకుందామని మా కారు దగ్గరికి వెళ్ళాను. దాని వెనకాల ఎవరో పెద్దమనిషి, ట్రాకు సూటులో, మోకాళ్ళ మీద కూర్చుని, మా డిక్కీ అంచుకి టేపు ఆనించి ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడకుండా టేపు కొస చాచాడు.

"కాస్త పట్టుకుంటారా?"

పట్టుకున్నాను. అలవాటేగా. ఈలోపు మా తోడల్లుడు కూడా వచ్చాడు. ఇద్దరూ ఒకరి టేపు ఒకరు చూసుకున్నారు. ఆ పెద్దమనిషి లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఎంతో గౌరవంగా అడిగాడు:

"ఎలా ఉందండీ మీ ర్యాకు?"

మా తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"బాగానే ఉంది గానీ..."