నాలుగు కొమ్ములున్నా బీరువా చాటునే

మా రోజుల్లో టీవీకి ఇంటికి ఒక్కటే ఏరియల్. నరసరావుపేటలో మేడ మీద ఇనుప గొట్టానికి కట్టిన ఆ అల్యూమినియం పుల్లల్ని ఒకడు పైకెక్కి తిప్పుతుంటే, కింద గుమ్మంలో నిలబడి ఇంకొకడు “చుక్కలు పోయినయ్, ఇంకాస్త తూర్పుకు!” అని కేకేసేవాడు.  విజయవాడ రేడియో తేటగా వినాలన్నా ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి, గొంతు బాగా పలికిన మూలే దానికి ఖాయం చేసేవాళ్ళం. గాలిలో వచ్చేదాన్ని పట్టాలంటే చోటు ముఖ్యమని అక్షరం రానివాళ్ళకీ తెలుసు.

ఇప్పుడు వైఫై పెట్టెకు కొమ్ముల్లా నాలుగు ఏరియళ్ళు. దాన్ని తీసుకెళ్ళి ఇనుప బీరువా వెనక దాస్తారు. అసలే మన పల్నాడులో పాత ఇళ్ళవి మందపాటి రాతిగోడలు. ఆనక “నెట్ రావట్లా తాతా” అని సణుగుడు. ఆ కొమ్ములు అన్నెందుకని ఒక్కరన్నా అడగరేం? నాకు ఒళ్ళు మండేది అక్కడే.

పెట్టె నుంచి బయల్దేరిన తరంగం ఒక్క దారిన రాదు. గోడకు, గచ్చుకు, బీరువాకు తగిలి నాలుగు దారుల్లో వస్తుంది. రెండు దారుల్లో వచ్చినవి ఎదురుబొదురై ఒకదాన్నొకటి చంపుకుంటే అక్కడ సిగ్నల్ గుంట పడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, కాబట్టి ఒక ఏరియల్ గుంటలో పడ్డా కొన్ని అంగుళాల అవతలున్నది బయటపడొచ్చు. పంపిన ప్రతి ముక్కకూ అవతల నుంచి “అందింది” అని జవాబు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి. వేగం తగ్గించాలా, ఏ ఏరియల్‌తో పంపాలి అన్నది పెట్టెలోని చిప్పూ, దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామూ కలిసి చూసుకుంటాయి. సిగ్నల్ బాగుంటే ఒక్కో ఏరియల్ మీద ఒక్కో సమాచారం ఒకేసారి పోతుంది. బలహీనంగా ఉంటే ఒకే సమాచారాన్ని అన్నిటి మీదా పంపి గట్టెక్కిస్తాయి. మేడ మీదివాడూ గుమ్మంలోవాడూ చేసిన పని ఇప్పుడు సెకనులో వందలసార్లు జరుగుతోంది.

ఇలా చాలా ఏరియళ్ళతో పంపే ఏర్పాటుకు పునాది వేసినవారిలో ముఖ్యుడు పక్క తమిళనాడు పొల్లాచ్చిలో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. మన నౌకాదళంలో, నీళ్ళలో శబ్దంతో జాడ తీసే సోనార్ తయారుచేయించి, తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరాడు. అక్కడ ఈ పద్ధతికి కోరిన పేటెంటు 1994లో వచ్చింది, 2014లో మార్కొనీ బహుమతి అందుకున్నాడు. ప్రతి ఇంట్లో ఆయన ఆలోచన పనిచేస్తుంటే మన పిల్లలకు ఆయన పేరే తెలియదు. ఇది నాకు నిజంగా బాధ.

ఇంకో సంగతి. ఒక కొమ్ము వదులైనా మిగతావి లాక్కొస్తాయి గనక ఎవరూ కనిపెట్టరు. మా ఏరియల్ మీద కాకి వాలినా వీధంతా తెలిసేది.

అబ్బాయిలూ, ఆ పెట్టెను బీరువా చాటు నుంచి తీయండి. నడింట్లో, మనిషెత్తున పెట్టండి. కొమ్ముల మరలు బిగించి, కొన్ని నిలువుగా, ఒకటి రెండు వాలుగా ఉంచండి. నెట్‌ను తిట్టడం ఆ తర్వాత.