సెన్సారు సారు

తార్నాకలో ఏ వీధిలోకి తిరిగినా ఆయన ఒకరుంటారు. ఉస్మానియాలోనో, ఎన్‌జీఆర్‌ఐలోనో, ఐఐసీటీలోనో జీవితమంతా పనిచేసి రిటైరై, సొంతింటి వరండాలో స్టూలెక్కి, చేతిలో చిన్న స్క్రూడ్రైవరుతో పైకి చూస్తుంటారు. పైన మోషన్ సెన్సారు లైటు. కింద స్టూలు పట్టుకుని ఆవిడ. పిల్లలు డాలస్‌లో ఉంటారు గనుక ఆ స్టూలు పట్టుకునే పని శాశ్వతంగా ఆవిడదే.

"ఏమండీ, పప్పు మాడుతోంది, వదిలెయ్యనా?"

"ఒక్క నిమిషం. రీడింగు మధ్యలో ఉంది."

దొంగల భయంతో బిగించారనుకోకండి. ఆ ఇంట్లో దొంగ ఎత్తుకెళ్ళగలిగినవి శాలువాలూ, జ్ఞాపికలూ, జిరాక్సు కాగితాల కట్టలూ. సారుకు కావలసింది ల్యాబు. పాత ల్యాబు తాళాలు రిటైరైన రోజునే అప్పగించేశారు. ఇది గోడ మీదే ఉంది, తాళం లేదు.

ఇలాంటి లైటును మామూలు మనుషులు వీధి చివరి కొట్లో కొనేస్తారు. సారు ఆటో కట్టించుకుని ట్రూప్‌బజారు వెళ్ళి కొట్టతనికి వైవా పెడతారు.

"ఇది పీఐఆరా, మైక్రోవేవా?"

"లైటు సార్. వారంటీ ఉంది."

పాపం, అడిగిన ప్రశ్న సరైనదే. మనిషి ఒంటి నుంచి 9, 10 మైక్రాన్ల ప్రాంతంలో పరారుణ కిరణాలు వెలువడుతుంటాయి. పీఐఆర్ ఏమీ పంపదు, ఆ వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలితే కనిపెడుతుంది, అంతే. మైక్రోవేవ్‌ది వేరే దారి. తానే తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిలో తేడా చూస్తుంది. పలచటి తలుపులు దానికి అడ్డు కావు. ఎదురింటి రిటైర్డ్ సైంటిస్టు పట్టుబట్టి అదే పెట్టించారు. ఇప్పుడాయన అర్ధరాత్రి వంటింట్లోకి లడ్డూ కోసం వెళ్ళినా వీధి మొత్తానికి తెలుస్తోంది.

పీఐఆర్‌లో ఒక గుణం ఉంది. అడ్డంగా నడిచేవాణ్ణి ఇట్టే పడుతుంది, నేరుగా తన మీదికే వచ్చేవాణ్ణి ఆలస్యంగా పడుతుంది. ఈ సంగతి పరిశోధక విద్యార్థుల ప్రాణం మీదికి వచ్చింది. థీసిస్ అధ్యాయం చూపిద్దామని క్యాంపస్ హాస్టల్ నుంచి వచ్చిన కుర్రాడు గేటు దగ్గరే ఆగిపోవాలి.

"అక్కడే ఉండు. ఇప్పుడు కుడి నుంచి ఎడమకు నడు. చేతులూపకు. ఆఁ, ఇప్పుడు నేరుగా నా వైపు రా. మెల్లగా!"

వాడు ఫైలు గుండెకు హత్తుకుని పీటల మీదికి వచ్చే పెళ్ళికూతురిలా వస్తాడు. లైటు వెలగదు. "చూశావా!" అని సారు ఆనందపడిపోతారు. థీసిస్ సంగతి వచ్చే ఆదివారానికి వాయిదా.

లైటు మీదున్న మరలు మూడు: సెన్స్, టైమ్, లక్స్. లక్స్ మరకు ఒక చివర సూర్యుడి బొమ్మ, రెండో చివర చంద్రుడి బొమ్మ. పగలు పరీక్షించాలంటే సూర్యుడి వైపు తిప్పాలి, పరీక్షయ్యాక చంద్రుడి వైపు తెచ్చేయాలి. సారు పరీక్ష ఎన్నడూ అవదు. అందుకే మిట్టమధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్‌కు కూడా అక్కడ దీపారాధనే.

పొద్దున్నే మిత్రబృందంతో ఉస్మానియా క్యాంపస్‌లో నడక. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైన నాటి నుంచి దాని ముందు ఎన్ని వాదాలు జరిగాయో గానీ, లక్స్ మర మీద ఇంత హోరాహోరీ వాదం మాత్రం ఈ బృందానిదే. ఖగోళశాస్త్రంలో రిటైరైన మిత్రుడికైతే లైటంటేనే పడదు. "48 అంగుళాల టెలిస్కోపు కోసం చీకటి వెతుక్కుంటూ జపాల్-రంగాపూర్ దాకా పోయినవాళ్ళం. నువ్వు ఆకాశం మొహాన వెలుగు కొడతావేంటయ్యా? దాని తల వంచు!" సారు వంచారు. సెన్సారూ దాంతోపాటే వంగింది. ఇప్పుడది గుమ్మం ముందు విడిచిన చెప్పుల్ని మాత్రమే కాపలా కాస్తోంది.

అసలు పరీక్ష మే నెలది. రాత్రి ఎనిమిదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటే ఒంటి వేడికీ పరిసరాల వేడికీ తేడా ఉండదు. డిసెంబరులో వీధి అవతలి కుక్కను పట్టిన సెన్సారు, మేలో మెట్టెక్కిన మనిషిని పట్టదు. లైటు పాడైందని ఆవిడ అంటారు. భౌతికశాస్త్రం నిరూపణైందని సారంటారు.

చివరికి లాలాపేట నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. లైటును ఏసీ వేడిగాలి తగలని మూలకు మార్చి, ఎనిమిదడుగుల ఎత్తులో, వచ్చేవాళ్ళు దాని ముందు అడ్డంగా నడిచేలా బిగించాడు. కుక్కలు తిరిగే రోడ్డు వైపు కటకం మీద నల్ల టేపు ముక్క అంటించాడు. లక్స్ చంద్రుడి దగ్గర, టైమ్ ఒక నిమిషం.

"అయిపాయె సార్. ఇగ దీన్ని ముట్టకుండ్రి."

అతని బండి వీధి మలుపు తిరగకముందే స్టూలు బయటికొచ్చింది.

తార్నాకలో ఇల్లు అద్దెకు చూసుకునేవారికి ఒక మాట. నీళ్ళు వస్తాయా, మెట్రో ఎంత దూరం అన్నవి తర్వాత అడగొచ్చు. ముందు ఒక రాత్రి వెళ్ళి ఎదురింటి వరండాలో స్టూలు ఉందేమో చూసుకుని అడ్వాన్సు ఇవ్వండి.