ఎకరంలో 108వ వంతు రైతు మనవి

రంగారెడ్డి జిల్లా ఉద్యాన శాఖ అధికారి గారి దివ్యసముఖానికి,

విషయం: ఒక నిమ్మచెట్టు, దాని చుట్టూ చేరిన వైద్యులు – విచారణ కోరుట గురించి.

అయ్యా,

20 అడుగులకొక మొక్క లెక్కన ఎకరం నిమ్మతోటలో 108 చెట్లు పడతాయి. మొయినాబాద్‌లో మా ఇంటి వెనకాల ఉన్నది ఒక్కటే. అంటే నేను ఎకరంలో 108వ వంతు రైతును. పాస్‌బుక్కు లేదు, రైతు భరోసా అడగబోను. చిలుకూరు బాలాజీ దగ్గర వీసా వచ్చినవాళ్లు 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకుంటారు. ఎక్కడికీ పోనక్కర్లేని మా చెట్టుకు మీరే దిక్కు.

ఆకు పసుపెక్కిందో లేదో, వైద్యులు వచ్చేశారు. ఎదురింటి అన్న దోసెడు యూరియా ఎయ్యమన్నాడు. పాలాయన పుల్లమజ్జిగ పొయ్యమన్నాడు. మా అత్తమ్మ దిష్టి అని తేల్చేసింది. అందరి గుమ్మాలకూ దిష్టి తీసే నిమ్మకే దిష్టి తగిలితే ఏం కట్టాలో మాత్రం చెప్పలేదు. చేవెళ్ల దారిలో ఒక మందుల దుకాణంలో రోగమేంటని అడిగితే, "రోగం ఏదైతేంది సార్, ఈ మూడు కలిపి కొట్టుండ్రి" అని మూడు సీసాలు చేతిలో పెట్టారు. ఆకు చూపించమన్నవారు ఒక్కరూ లేరు.

నిమ్మ తన జబ్బును దాచుకోదు కదండీ. లేత ఆకు ముడుచుకుని వెండిగీతలు మెలికలు తిరిగితే పాముపొడ పురుగు. ఆ గాయాల్లోంచి, వాన చినుకుల వెంట గజ్జి తెగులు దూరుతుంది. పసుపు అంచుతో గరుకు మచ్చలు ఆకు మీదా కాయ మీదా లేస్తాయి. ముదురాకు మొత్తం పాలిపోతే నత్రజని తక్కువ. కొత్తాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుము అందడం లేదు. చీమలు బారులు తీరి ఆకు మసిబారితే, పైన రసం పీల్చే పురుగు కాపురం పెట్టిందన్నమాట. చెట్టు మొదలు దగ్గర జిగురు కారితే బంక తెగులు. ఎదురింటి అన్న యూరియా వీటిలో ఒక్కదానికే పనికొస్తుంది.

మా చెట్టుది బంక తెగులే. ప్లాటు చదును చేస్తూ పోసిన మొరం మొదలును జానెడు కప్పేసింది, పెట్టిన నీళ్లన్నీ అక్కడే నిలిచాయి. మందు సులువు: మట్టి లాగేసి, కుళ్లిన బెరడు గీకి, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం లీటరు నీటిలో కలిపి, ఆ బోర్డో పేస్టును మొదలుకు పూయాలి. కలిపేది ప్లాస్టిక్ బకెట్లో, ఇనుపదాంట్లో కాదు. పాదు నీళ్లు కాండానికి తగలకుండా చుట్టూ గట్టు కట్టాలి. ఆ మూడు సీసాల్లో దేనితోనూ పని పడలేదు.

ఒక్క చెట్టుకు ఇంత గోల ఎందుకంటారా? రెండు కారణాలు. ఈనెకు రెండు పక్కలా పొంతన లేని పసుపు మచ్చలతో వచ్చే గ్రీనింగ్ తెగులుకు మందే లేదు. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక, 20 ఏళ్లలో అక్కడి నారింజ పంట పదో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. దాన్ని మోసే సిల్లా పురుగు పెరటి కరివేపాకు మీద కూడా బతుకుతుంది. నల్లగొండ బత్తాయి మనకు ఎంతో దూరం లేదు. రెండోది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ మా పక్కనే. వాటిని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. అక్కర్లేని మందు మేం కొడితే, వాన దాన్ని ఆ చెరువుల వైపే తీసుకుపోతుంది.

కాబట్టి మనవి చేసుకునేది:

1. రైతు వేదికలో వారానికి ఒక పూట పెరటి చెట్లకివ్వండి. కొమ్మ తెచ్చినవారికి ముందు రోగం పేరు చెప్పి, తర్వాతే మందు చీటీ రాయండి.

2. గజ్జిని తట్టుకునే నిమ్మరకం పేరూ బాలాజీయే. ఆ మొక్కలు ఒకటీ రెండూ కొనుక్కునేవారికి కూడా దొరికేలా చూడండి.

3. "ఆకు చూడనిదే మందు అమ్మరాదు" అని ప్రతి దుకాణం ముందూ బోర్డు పెట్టించండి.

మూడింటిలో ఒక్కటే కుదిరితే మూడోది చేయండి. మిగతా రెండూ మేం ఎలాగో చూసుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒంటిచెట్టు రైతు,
మొయినాబాద్