సీసాగ్రేసరుడు

ఆదివారం పొద్దున కొండాపూర్‌లో ఏ గేటెడ్‌ కమ్యూనిటీ గేటు దగ్గర నిలబడ్డా ఒకటే దృశ్యం. శనివారం రాత్రి తాలూకు ఖాళీ సీసాలు నల్ల కవర్లలో మూటలై, మొహం చాటేసుకుంటూ బయటికి పోతుంటాయి. పన్నెండు కావస్తుండగా ఒక్క మనిషి మాత్రం ఖాళీ సీసాలతో లోపలికి వస్తాడు. అదీ తువ్వాల్లో చుట్టి, గుండెకు ఆనించుకుని, పసిగుడ్డును ఇంటికి తెస్తున్నంత పదిలంగా. వాచ్‌మన్‌ మొదట్లో అనుమానించాడు. తరవాత జాలిపడ్డాడు. ఇప్పుడు లిఫ్టు బటన్‌ తనే నొక్కిపెడుతున్నాడు.

ఇతడే సీసాగ్రేసరుడు.

వృత్తి రీత్యా సాఫ్ట్‌వేర్‌ టెస్టరు. మాదాపూర్‌లో అద్దాల మేడ, ఎనిమిదో అంతస్తు. ఆ కిటికీలోంచి చూస్తే రాళ్లగుట్టలూ దుర్గం చెరువూ తప్ప తనకన్నా పెద్దది ఒక్కటీ కంటికి ఆనదు. ఆ పేటకంతటికీ పెద్దదిక్కనుకునే సైబర్‌ టవర్స్‌నే వాజ్‌పేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అప్పటికి మనవాడు ఆరో తరగతి. రోజంతా కొత్త గాజు మధ్య కూర్చునే మనిషికి పాత గాజు మీదికి మనసు పోవడం వింతేమీ కాదు గానీ, పోయిన తీరే వింత. వారానికి ఐదు రోజులు లోపాలు పట్టడం అతడి ఉద్యోగం. సీసా చేతికొస్తే లోపమే ప్రాణం. గాజులో చిక్కుకున్న బుడగ, ఓ పక్కకు ఒరిగిన మెడ, అడుగున కడ్డీ విరిచిన చోట గరుకు మచ్చ ఉండాలి. ఆఫీసులో లోపం కనబడితే టికెట్‌ రాస్తాడు, సీసాలో కనబడితే పర్సు తీస్తాడు.

వేట స్థలాలు రెండు. ఆదివారం ఎర్రగడ్డ సంత. గురువారం పురానాపూల్‌ దగ్గరి జుమేరాత్‌ బజార్‌. జుమేరాత్‌ అంటేనే గురువారం. ఇతడి వర్క్‌ ఫ్రమ్‌ హోమ్‌ కూడా ప్రతివారం గురువారమే పడటం కేవలం యాదృచ్ఛికమని మేనేజరు ఇప్పటికీ నమ్ముతున్నాడు. తెల్లారకముందే ఫోను టార్చితో వెళ్లి, తుప్పు తాళాలు, విరిగిన గ్రామఫోన్లు, ఒంటి చెప్పుల మధ్య గొంతుక్కూర్చుంటాడు.

సీసా చేతికి రాగానే జరిగే తంతు చూసి తీరాలి. ముందు బొటనవేలి గోరు పక్క అతుకు గీత మీద ఆనించి మెల్లగా పైకి జరుపుతాడు. ఊపిరి బిగబడుతుంది. గోరు మెడ దాకా వెళ్లి అక్కడ గీత మాయమైతే మొహం వెలుగుతుంది. ఎందుకంటే సీసా ఒంటిని అచ్చులో ఊదినా, మూతిని మాత్రం మళ్లీ కాల్చి చేత్తోనే తీర్చిన రోజుల్లో ఆ వేడికి గీత చెరిగిపోయేది. అమెరికాలో మైకేల్‌ ఓవెన్స్‌ 1903లో సీసాల యంత్రం తయారుచేశాక ఆ గీత నేరుగా మూతి అంచు దాకా పాకింది. అంచు మీద గోరు టక్కున తగిలిందంటే ఇతడు నిట్టూర్చి సీసా కింద పెట్టేస్తాడు. తరవాత ఎండకెత్తి చూస్తాడు. వెనకటి గాజుకు పచ్చచాయ పోగొట్టడానికి మాంగనీసు కలిపేవాళ్లు, అలాంటి గాజు ఏళ్ల తరబడి ఎండకు ఊదారంగు తిరుగుతుంది. ఈ సంగతి దొంగ సరుకు వాళ్లకూ తెలుసు. రేడియేషన్‌ పెట్టి రాత్రికి రాత్రే వంకాయ రంగు తెప్పిస్తారు. అందుకని మరీ అందంగా ఊదాగా మెరిసే సీసాను ఇతడు పెళ్లిచూపుల్లో అతిగా నవ్వే పెళ్లికొడుకును చూసినట్టు చూస్తాడు.

మనదేశపు సీసాలకు అతడి దగ్గర వేరే గీటురాళ్లున్నాయి. మెట్రిక్‌ కొలతలు 1958లో మొదలై 1962 నాటికి తప్పనిసరయ్యాయి. కాబట్టి ఔన్సులంటే ముద్దు, మిల్లీలీటర్లంటే చేదు. పిన్‌కోడ్‌ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఓసారి కొట్టతను ఒక మందు సీసా చూపించి, నిజాం కాలం నాటిది, పద్దెనిమిది వందలకు పైసా తగ్గదన్నాడు. ఇతడు చిరిగిన లేబుల్‌ మూల దగ్గరగా పెట్టుకుని చూస్తే ఐదు వందలతో మొదలయ్యే ఆరంకెలు.

“అన్నా, నిజాం కాలంల పిన్‌కోడ్‌ ఉండెనా?”

కొట్టతను కనురెప్ప వేయలేదు. “నిజాంకు ముందుచూపు ఎక్కువ సార్‌.”

ఆ జవాబు నచ్చి నూట యాభైకి కొన్నాడు. అది అతడి సేకరణలో అబద్ధాల అరలో ఉంది.

అసలు ఆరాధ్యదైవం మాత్రం గోలీసోడా. ఇంగ్లండు ఇంజనీరు హైరమ్‌ కాడ్‌ 1872లో పేటెంటు పొందిన ఆ సీసాకు మూతక్కర్లేదు. తలకిందులుగా పట్టి నింపితే లోపలి గ్యాసు గోలీని మెడలోని రబ్బరు వాషరుకు అదిమేస్తుంది, ఎంత గ్యాసుంటే అంత గట్టి బిరడా. మెడకు రెండు నొక్కులు పెట్టింది, వంచినప్పుడు గోలీ అక్కడ ఆగడానికి. కస్టమరు చెప్పకముందే కష్టం కనిపెట్టిన డిజైనంటే ఇదని ప్రతి లంచ్‌ బ్రేకులోనూ చెబుతాడు, పప్పు చల్లారిపోతున్నా. మన వాళ్లు కాడ్‌ పేరు ఎన్నడూ తలవలేదు గానీ, ఆ సీసాను భాషలోకి తెచ్చుకున్నారు. మందపు కళ్లజోడు సోడాబుడ్డి కళ్లద్దాలైంది, సభ రసాభాస అయితే ముందు లేచేవీ సోడాబుడ్లే. పాతవి దొరక్కపోవడానికి కారణం మాత్రం పిల్లలు. గోలీ కోసం సీసా పగలగొట్టని బాల్యం అప్పట్లో బాల్యమే కాదు.

శ్రీనాథుడికి సీసపద్యం ఎలాంటిదో ఇతడికి సీసా అలాంటిది. అయితే సీసం కింద ఆటవెలదో తేటగీతో ఉండి తీరాలి కదా! ఇక్కడ ఆ ఎత్తుగీతి ఇల్లాలు అందుకుంటుంది. “ఇంట్లో నీళ్ల సీసాలు మూడే ఉన్నాయి, నీళ్లు పట్టని సీసాలు నూటపదహారు” అనేది పల్లవి. ఆమె ఓర్పును తక్కువ చేయడం పాపం. వంటింటి పై అర ఇచ్చింది. పుస్తకాల బీరువా ఇచ్చింది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తాలూకు పాత గాజు బుడ్లు ఏడు, హైదరాబాదీల ఇంటి మందు జిందా తిలిస్మాత్‌ చిట్టి సీసాలు పదకొండు దేవుడి గూటి పక్కన చేరినా ఊరుకుంది. తలనొప్పి వచ్చినప్పుడు మాత్రం కొత్త అమృతాంజనం కొనుక్కుంటుంది. చివరికి, నాలుగు పలకల పాత జిన్ను సీసాలో మనీప్లాంటు పెట్టేసింది. ఇతడు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

ఆత్మబలం తగ్గినప్పుడల్లా సాలార్‌జంగ్‌ మ్యూజియానికి వెళ్తాడు. మూడో సాలార్‌జంగ్‌ మీర్‌ యూసుఫ్‌ అలీఖాన్‌ 1914లో దివాన్‌గిరీ వదిలి మిగతా జీవితమంతా వస్తువులు కూడబెట్టడంలోనే గడిపాడు. యూరప్‌ గాజు సామాను ముందు నిలబడి మనవాడు ఆ నవాబుతో మనసులో మాట్లాడుకుంటాడు. ఆయనకు దివాన్‌ దేవిడి ఉంది, ఇతడికి మూడు పడగ్గదులు. ఆయన రాజీనామా చేయగలిగాడు, ఇతడి ఈఎంఐ 2041 దాకా ఉంది.

డాలస్‌ బావమరిది వచ్చినప్పుడు, వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చని, ఎవరికి వాళ్లు విదేశాలకు తీసుకెళ్లకూడదని గట్టిగా హెచ్చరించాడు. అతడు అడిగింది ఆవకాయ.

మొన్న సంక్రాంతి వెళ్లాక గోదావరి జిల్లా నుంచి అమ్మ వచ్చింది. ఆమె ముందు ఓ గోలీసోడా సీసా పెట్టి, రెండు వేల ఐదు వందలని గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె చేతిలోకి తీసుకుని ఆడించింది. గోలీ గలగలమంది.

“ఇవి మన అటక మీద ఓ పెట్టెడు ఉండేవిరా. మీ తాతయ్య సోడా కొట్టు ఎత్తేశాక పడేసినవి.”

ఇతడు కుర్చీ అంచుకు జరిగాడు. “ఏమయ్యాయి?”

“ఏమవుతాయి? మూడో క్లాసులో ఉండగా పీచుమిఠాయి వాడికి నువ్వే వేసేశావు కదరా. పెట్టెతో సహా.”

చాలాసేపు మాటరాలేదు. ఇల్లాలు వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది, నవ్వుకోవడానికే కావచ్చు. చివరికి ఇతడు బొటనవేలు చూపిస్తూ నెమ్మదిగా అడిగాడు:

“అమ్మా, వాటికి అతుకు గీత మూతి దాకా ఉండేదా?”