అడిగే మనిషి ఉండాలి

మా రోజుల్లో హన్మకొండలో ఇల్లు కిరాయికి కావాలంటే గడప దగ్గరే నిలబెట్టి అడిగేవాళ్లు. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఎక్కడ పని, ఎన్నాళ్లుంటావు? విసుగొచ్చేది. కులం అడిగి ఇల్లు లేదు పొమ్మన్నవాళ్లూ ఉన్నారు. ఆ అడగడం మళ్లీ రావొద్దు, వస్తే నేనే ముందు కొట్లాడతాను. కానీ అర్ధరాత్రి గల్లీలో అరుపు వినబడితే అది ఎవరింట్లోదో, ఇంటాయన్ని ఎక్కడ లేపాలో అందరికీ తెలిసేది.

ఇప్పుడు మా పక్క అపార్ట్‌మెంటులో రెండు ఫ్లాట్లు రోజు లెక్కన కిరాయికి ఇస్తున్నారు. ఫోన్లో డబ్బు కడితే తాళం నంబరు మెసేజ్ వస్తుంది. ఓనరు హైదరాబాదులో ఉంటాడు. దిగేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. పెళ్లికి వచ్చినవాళ్లు, ఎంజీఎం ఆస్పత్రిలో మనిషిని చేర్చినవాళ్లు, 2021లో యునెస్కో గుర్తించిన రామప్ప గుడిని చూడ్డానికి బయల్దేరినవాళ్లు. వాళ్లు రావాలి, మన ఊరు చూడాలి. అయితే తెల్లవారుజామున రెండింటికి పాటలు మోగితే ఎవరికి చెప్పాలి? వాచ్‌మన్‌ను అడిగితే, "నాకేం తెల్వది సార్, అంతా ఫోన్లనే అయితది" అంటాడు.

స్టేషన్ రోడ్డు లాడ్జిలో ఒక్క రాత్రి పడుకోవాలన్నా రిజిస్టరులో పేరు, ఊరు, ఎక్కణ్నుంచి వచ్చావు, ఎక్కడికి పోతావు రాయాలి. పోలీసులొచ్చి ఆ పుస్తకం తిరగేస్తారు. విదేశీయుడు దిగితే ఇంటివాళ్లయినా సరే 24 గంటల్లో అధికారులకు తెలపాలి. మరి మనవాళ్లు దిగే ఫ్లాటుకు పుస్తకమెందుకు ఉండొద్దు? అపార్ట్‌మెంటు మీటింగుల్లో బంద్ చేయాలని ఒకరు, నా ఇల్లు నా ఇష్టమని ఇంకొకరు గొంతు చించుకుంటున్నారు. బంద్ చేయమని నేనననుగాక అనను. మేడారం జాతరకు అక్కడివాళ్లు ఇళ్లూ వాకిళ్లూ కిరాయికి ఇవ్వడం లేదా? కానీ ఇంటాయన అక్కడే ఉంటాడు. నీళ్లెక్కడో చూపిస్తాడు, ముసలమ్మ దారి తప్పితే తనే వెతుకుతాడు.

బస్సుల సంగతీ ఇంతే. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన సర్కారు బస్సు సర్వీసు ఇది. నాకు తెలిసిన కండక్టరు భుజాన తోలు సంచి, చెవిన పెన్సిలు, చేతిలో రంగురంగుల టికెట్ల కట్టతో మనుషుల మధ్య నుంచి దూరుకుంటూ వచ్చేవాడు. ఆడపిల్ల పక్కన ఎవడైనా ఒరిగి నిలబడితే "ఏందిరా, జరుగు" అని ఒక్క అరుపు అరిచేవాడు. వాడు వినకపోతే తాడు లాగి బస్సాపి దించేవాడు. ఇప్పుడు హైదరాబాదుకు పోయే నాన్‌స్టాపుల్లో టికెట్టూ డ్రైవరే కొడతాడు. స్టీరింగు పట్టుకున్న మనిషి వెనక సీట్ల సంగతి ఎట్లా చూస్తాడు?

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు. మంచి పని. కూలికి పోయే తల్లులు ఆ మిగిలిన డబ్బుతో కూరగాయలు కొంటున్నారు. కానీ జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఫుట్‌బోర్డు మీద పిల్లలు వేలాడుతుంటే గుండె గుభేలుమంటుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో పడిన బస్సులో సుమారు వందమంది ఉన్నారు, అరవై మందికి పైగా పోయారు. అంత జరిగాక కూడా "ఇక చాలు, ఎక్కొద్దు" అనే మాట కండక్టరు నోట రావాలంటే వెనక ఇంకో బస్సు రావాలి కదా! రాదు. అందుకే నా మనవరాలు కోచింగ్ వదిలాక లైటు లేని స్టాపులో నిలబడి నిలబడి, చివరికి ఎవరెవరో ఎక్కిన షేర్ ఆటోలో ఇంటికొస్తుంది. అది గేటు తీసేదాకా నాకు ముద్ద దిగదు.

రోజు కిరాయి ఫ్లాటు గేటు మీద, పిలిస్తే పది నిమిషాల్లో వచ్చే మనిషి పేరు, నంబరు రాసి పెట్టించాలి. లోపల లాడ్జిలో ఉన్నట్టే పుస్తకం ఉండాలి. రాత్రి ఎనిమిది దాటాక నడిచే ప్రతి బస్సులో కండక్టరుండాలి, ప్రతి స్టాపులో లైటు వెలగాలి. కార్పొరేటరుకూ డిపో మేనేజరుకూ ఈ నాలుగూ కాగితం మీద రాసిస్తున్నాను. సంతకాలకు మీ ఇంటికీ వస్తాను.