చారెడు మెంతులు, గరిటెడు నెయ్యి

షుగరుందని చెప్తే మనవాళ్లు జాలిపడతారు. బీపీ అంటే కోపం తగ్గించుకోమంటారు. కొలెస్ట్రాల్ అని చెప్పి చూడండి, అక్కడికక్కడే వైద్యం మొదలుపెడతారు. నొప్పి లేదు, దురద లేదు, దగ్గు లేదు. రిపోర్టు కాగితం మీద తప్ప ఎక్కడా కనబడని జబ్బుకి ఎవరైనా వైద్యులే.

నా రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్ అంకె పక్కన ల్యాబువాళ్లు చుక్క గుర్తు పెట్టిన సంగతి మా ఆవిడ ఫోన్లో వాళ్లమ్మకి చెప్పింది. సాయంత్రానికల్లా బంధుకోటి మొత్తానికి తెలిసిపోయింది. పరగడుపున గుప్పెడు పచ్చి కరివేపాకు నమలమని మా అత్తగారు. వెల్లుల్లి రేకలు తేనెలో ఊరేసుకుని మింగమని మా తోడల్లుడు. మెంతులు రాత్రి నానబెట్టి, తెల్లారి ఆ నీళ్లు తాగి గింజలు పారబోయమని పక్కవాటా పిన్నిగారు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు మాటలతో సరిపెట్టలేదు. పసుపు, వెల్లుల్లి, దాల్చినచెక్క సారాలు కూరిన గుళికల డబ్బాలు ఎవరో ఇండియా వస్తుంటే వాళ్ల చేత పంపించాడు. దుగ్గిరాల పసుపు యార్డు పక్కన కాపురముంటున్న మాకు, డాలర్లు పోసి కొన్న పసుపు!

"అన్నీ చేసేద్దామండీ, ఏదో ఒకటి పనిచెయ్యకపోతుందా?" అంది మా ఆవిడ. శాస్త్రజ్ఞులు ఈ పద్ధతి పాటిస్తే ఉద్యోగాలు ఊడతాయి. ఏది పనిచేసిందో చెప్పలేరు కదా. మా ఇంట్లో ఆ బెడద లేదు. ఎవరి మందు పనిచేసిందో ముందే నిర్ణయమైపోయింది, మా అత్తగారిది.

అయితే మెంతుల్ని తీసిపారెయ్యడానికి లేదు. వాటి వెనక మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. టైప్ 1 షుగరు రోగులకి అక్కడి శాస్త్రజ్ఞులు పది రోజుల పాటు మెంతిపిండి పెట్టి చూసి, 1990లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం కొలెస్ట్రాల్ తగ్గింది, చెడ్డది తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. మంచి కొలెస్ట్రాల్ జోలికి మాత్రం మెంతి పోలేదు. ఇంత మర్యాద తెలిసిన గింజ ఇంకోటి ఉంటుందా అని నేను పొంగిపోతూ మోతాదు దగ్గరికొచ్చాను. నూనె తీసిన మెంతిపిండి, రోజుకి 100 గ్రాములు. సగం మధ్యాహ్న భోజనంలో, సగం రాత్రి భోజనంలో.

వంద గ్రాములండీ! రోజుకి! మా ఇంట్లో మెంతిపిండి కొలత అంటే ఆవకాయ కలిపేటప్పుడు మా ఆవిడ మునివేళ్లతో చేసే సంజ్ఞ. నేను నానబెట్టుకుంటున్నది చెంచాడు, అంటే శాస్త్రంలో ఇరవయ్యో వంతు. అందులోనూ నీళ్లు తాగి గింజలు పారబోస్తున్నాను. తీరా చూస్తే, పని ఎక్కువగా చేసేది ఆ గింజల్లో, తడి తగిలితే జిగురుగా ఉబ్బే పీచు. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేసి పేగుల్లోకి వదుల్తుంది, పని కాగానే చాలావరకు వెనక్కి పిలిపించుకుంటుంది. పొదుపరి సంసారం. ఈ జిగురు మధ్యలో అడ్డుపడి కొంత పైత్యాన్ని బయటికి లాక్కుపోతుంది. లోటు పూడ్చుకోడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్ మీద చెయ్యి వెయ్యక తప్పదు. సపోనిన్లు అనే పదార్థాలకి కూడా ఇందులో వాటా ఉందంటారు. 

గింజలు కూడా నమలడం మొదలుపెట్టాను గానీ, వాసన సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మెంతులు గట్టిగా తింటే చెమట కూడా మెంతి వాసనే వేస్తుంది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండటం మొదలైంది. ఆరోగ్యానికి మంచిదో కాదో గానీ ప్రయాణానికి సుఖం.

కరివేపాకు మీద పరిశోధనలు ఎక్కువగా ఎలుకల మీద జరిగినవే. వాటిలో ఫలితాలు బాగున్నాయంటే బాగుండవూ మరి? ఎలుకలు మనలాగా కంచం అంచున ఏరి పెట్టలేవు. మా అత్తగారు పచ్చి ఆకు నమలలేకపోతున్నానని జాలిపడి కరివేపాకు పొడి కొట్టి పంపించారు. "బాబూ, ఉత్తి పొడి తినేరు, వేడి చేస్తుంది. వేడన్నంలో గరిటెడు నెయ్యి వేసుకుని కలుపుకోండి" అన్నారు. మన ఇళ్లలో ఏ ఆకూ ఒంటరిగా ప్రయాణం చెయ్యదు. వెనకాల నూనో నెయ్యో తోడుండాల్సిందే.

వెల్లుల్లిని అమెరికావాళ్లు తేల్చేశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు 192 మందిని తీసుకుని, కొందరికి పచ్చి వెల్లుల్లి శాండ్‌విచ్‌లలో పెట్టి, కొందరికి పొడి బిళ్లలు, కొందరికి మాగబెట్టిన వెల్లుల్లి సారం, మిగిలినవాళ్లకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు నెలలు. ఏడో రోజు సెలవు బహుశా ఇంట్లోవాళ్ల కోసం. 2007లో ఫలితం చెప్పారు: చెడ్డ కొలెస్ట్రాల్ ఉన్నచోటునుంచి కదల్లేదు.

2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌వాళ్లు ఇంకో పోటీ పెట్టారు. ఒకవైపు స్టాటిన్లనే కొలెస్ట్రాల్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్, 5 మిల్లీగ్రాముల మాత్ర. ఇంకోవైపు మా మేనల్లుడి డబ్బాల్లో ఉన్నవన్నీ, వాటికి తోడు చేపనూనె, మరికొన్ని. 28 రోజుల్లో మాత్ర చెడ్డ కొలెస్ట్రాల్‌ని సుమారు 38 శాతం దించింది. మిగతావేవీ ఉత్తుత్తి మాత్రని మించలేదు. వెల్లుల్లి గుళికలు మింగినవాళ్లకయితే ఉత్తుత్తి మాత్రవాళ్లకంటే సుమారు 8 శాతం పెరిగింది. మా తోడల్లుడికి చదివి వినిపిస్తే, "డబ్బు పెట్టిందెవరు?" అన్నాడు. ఆ మాత్ర అమ్మే కంపెనీయే. నిజమే, పాయింటే. స్టాన్‌ఫర్డ్‌ది మాత్రం అక్కడి ప్రభుత్వ డబ్బని చెప్పేలోపు ఫోన్ పెట్టేశాడు.

ఇంతకీ ఆ స్టాటిన్ మాత్రల పుట్టిల్లు కూడా వంటింటికి దగ్గరదే. జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన ఆరు వేలకు పైగా బూజుల్నీ శిలీంధ్రాల్నీ పరీక్షించి, క్యోటోలో బియ్యం మీద పెరిగిన బూజులో 1973లో మొదటి స్టాటిన్ పట్టుకున్నాడు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీనే ఆపే పదార్థం అది. ఈ కథ ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. "చూశారా, బూజు పట్టిందని మొన్న మాగాయ జాడీడూ పారబోయించారు" అంది మా ఆవిడ.

మా డాక్టరు గారు రాసిన మాత్ర వేసుకుంటున్నాను. అంకె దిగింది. మా అత్తగారు కరివేపాకు మహిమ గురించి తెనాలి దాకా చెప్పుకొచ్చారు. నేను అడ్డు చెప్పలేదు. నెయ్యి మీద ఆంక్షలు సడలించాలంటే ఆవిడ సిఫారసు కావాలి.

డల్లాస్ గుళికలు అలాగే ఉండిపోయాయి. మొన్నొకరోజు చారు పెడుతుంటే ఇంట్లో పసుపు నిండుకుంది. మా ఆవిడ నాలుగు గుళికలు విప్పి గిన్నెలో దులిపింది. ఒంటికి బాగా పట్టడానికి మిరియాల సారం కూడా కలిపామని డబ్బా మీద రాసి ఉంది. అందుకని ఆ పూట మిరియాలు దంచలేదు.